నలభై దాటిన మొహానికి మందెందుకన్నారు

నా ఉద్యోగంలో నేను చేసిన తప్పుల్లో చాలావాటికి సాక్ష్యం లేదు. ఒక్కదానికి మాత్రం ఉంది. నా చేతిరాతతో, నా సంతకంతో ఒక కేస్ పేపర్ మీద ఉంది. అలా రాసినందుకు నాకు మెమో ఇచ్చారు, ఆపైన ఆరు నెలలు దుప్పట్ల గదిలో కూర్చోబెట్టారు. రాసినందుకు ఇవాళ్టికీ నాకు పశ్చాత్తాపం లేదు. తప్పు చేసినందుకు ఉంది, అది వేరే సంగతి. కొత్తగా నర్సు ఉద్యోగంలో చేరిన ఆడపిల్లలు చదువుతారని ఇది రాస్తున్నాను. పేర్లు మాత్రం అడగొద్దు. ఎవరి పేరూ రాయను.

సోలాపూర్‌లో దాజీ పేట్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఒక ట్రస్టు ఆసుపత్రి. ముప్పై ఏళ్లకు పైగా అక్కడే చేశాను. చివరి ఏళ్లు చర్మవ్యాధుల విభాగంలో గడిచాయి. వచ్చేవాళ్లలో సగం పవర్‌లూమ్‌ల మీద పనిచేసే మగవాళ్లు, సగం ఇంట్లో బీడీలు చుట్టే ఆడవాళ్లు. వాళ్లకు చెమటకు తామర, వీళ్లకు పొగాకుకు చేతుల పగుళ్లు. ఎక్కువమంది మావాళ్లే, తెలంగాణ నుంచి తాతల కాలంలో వచ్చి స్థిరపడ్డవాళ్లు. డాక్టరు మాత్రం మరాఠీ కుర్రవాడు. పనిమంతుడు, మాట తక్కువ. అతను చెప్పింది వాళ్లకు తెలుగులో, వాళ్లు చెప్పింది అతనికి మరాఠీలో చెప్పడం నా బాధ్యత. ఆ పని నా అంత బాగా ఎవరికీ రాదని నాకు కాస్త పొగరుండేది.

ఒకరోజు ఒక బీడీ కార్మికురాలు వచ్చింది. వయసు నలభై దాటింది. మూడేళ్ల కింద చిన్నకొడుక్కి ఆటలమ్మ పోస్తే, వాడి నుంచి ఈమెకు అంటుకుంది. ఆటలమ్మ పిల్లలను తేలిగ్గా వదిలేస్తుంది, పెద్దవాళ్లను పట్టుకుంటే పీడించి పోతుంది. ఈమె మొహాన్ని అలాగే పీడించింది. బుగ్గల మీద వెడల్పు గుంటలు, నుదుట సూదితో పొడిచినట్లు సన్నగా లోతుగా కొన్ని, ముక్కు కొన మీద శెనగగింజ దిగేంత ఒకటి.

“ఈ గుంటలు పూడాలె సిస్టరక్కా” అన్నది.

నేను అడగకూడనిది అడిగాను. “బిడ్డ పెండ్లి పెట్టుకున్నరా?”

“బిడ్డ లేదు. ఇద్దరు కొడుకులే.”

“మరి ఇప్పుడెందుకమ్మా?”

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. “పొద్దుగాల తల దువ్వుకున్నవ్, బొట్టు పెట్టుకున్నవ్, ఇస్త్రీ చీర కట్టుకొని డ్యూటీకొచ్చినవ్. ఎవలి కోసం అక్కా?”

కేస్ పేపర్ తీసి ఆమె పేరు, వయసు రాసుకున్నాను.

తర్వాత తెలిసింది, అందరూ ఆమెను అదే ప్రశ్న అడిగారట. ఇరుగుపొరుగు అడిగారు, అన్నదమ్ములు అడిగారు. బీడీలు అప్పజెప్పే బ్రాంచిలో తనిఖీ చేసే మనిషి అడగలేదు కానీ, పేరుతో పిలవడం మానేసి ‘చాళణీ’ అని పిలవడం మొదలుపెట్టాడు. మరాఠీలో జల్లెడ అని. రెండుసార్లు ఊరుకుందట. మూడోసారి చేతిలోని బీడీ కట్ట వాడి బల్ల మీద విసిరికొట్టి, “నాకు పేరున్నది, రిజిస్టర్ల సూడు” అన్నదట. అది విన్నాక ఆమె మీద నాకు ఇష్టం పెరిగింది.

డాక్టరు ఆమె మొహాన్ని దీపం కింద పెట్టి, రెండు వేళ్లతో చర్మాన్ని సాగదీసి చూశాడు. గుంటలన్నీ ఒక రకం కావు, మందు కూడా ఒకటి కాదు అన్నాడు. సన్నగా లోతుగా ఉన్నవాటి అడుగున, చెక్కిన పుల్లమొనతో ఘాటైన యాసిడ్ చుక్క పెడతారు. అక్కడ కొత్త కండ ఊరి గుంట మెల్లగా పైకి వస్తుంది. వెడల్పు గుంటల కింద చర్మాన్ని పీచు పట్టి లాగుతుంటుంది, సూది దూర్చి ఆ పీచును కోస్తారు. ముక్కు మీదిది అంచు నిటారుగా ఉంది, దాన్ని గుండ్రంగా కోసి తీసి ఒక కుట్టు వేయాలి. చివర సన్న సూదుల రోలరు తిప్పితే మొత్తం కాస్త సమం అవుతుంది. లేజర్ అనే యంత్రం కూడా ఉంది కానీ మా ఆసుపత్రిలో లేదు. లోపల మందు నింపి గుంట లేపడం కూడా ఉంది, అది కొన్నాళ్లకు కరిగిపోతుంది. మన రంగు చర్మం తొందరగా నల్లబడుతుంది కాబట్టి ఏది చేసినా నెమ్మదిగా, వారాల ఎడంతో చేయాలి. ఎంత చేసినా మొహం మునుపటిలా కాదు, సగం పూడితే గొప్ప.

ఇదంతా నేను తెలుగులో చెబుతుంటే పక్కన ఉన్న ఆమె భర్త చెవి ఒగ్గి విన్నాడు. పవర్‌లూమ్ మీద టవళ్లు నేసే మనిషి. “గంతేనా? టవల్‌ల ఒక పోగు బిగిసిందంటే గుడ్డ ఆడ్నే లోపలికి గుంజుకపోతది. ఆ పోగు తెంపితే గుడ్డ లేస్తది” అన్నాడు. డాక్టరుకు ఆ మాట చెబితే తెగ సంబరపడ్డాడు. ఆ తర్వాత ప్రతి రోగికీ అదే చెప్పేవాడు, తన సొంతంలాగా.

“సగమే పూడుతది, ఆలోచించుకో” అన్నాను ఆమెతో.

“సగమన్న పూడనియ్యి. మిగిలిన సగంతోని నేను ఏగుత.”

ట్రస్టు తరఫున ఉచితంగా వైద్యం చేసేవాళ్ల జాబితాలో ఆమె పేరు ఎక్కించాం. దానికో నియమం ఉంది. చెప్పిన జాగ్రత్తలు పాటించనివాళ్ల పేరు కొట్టేస్తారు, మళ్లీ ఎక్కించరు. బయట లేజర్ క్లినిక్కుల మెట్లు ఆమె ఎక్కగలిగేవి కావు. ఆమెకున్నది ఈ ఒక్క దారే.

మొదటిసారి యాసిడ్ చుక్కలు పెట్టిన రోజు బల్ల అంచు గట్టిగా పట్టుకుని పడుకుంది. చుక్క పడ్డచోటల్లా తెల్లగా ఉప్పు పేరినట్లు అయింది. నేను మరాఠీ కాగితంలో ఉన్న జాగ్రత్తలన్నీ చదివి చెప్పాను. గోకొద్దు, ఎండ తగలొద్దు, పూత రాయాలి. ఆమె లేచి కూర్చుని మెల్లగా అడిగింది.

“ఇంట్ల అత్తమ్మకు చెప్పలే అక్కా. చెప్తే రానియ్యదు. తల్లి పెట్టిన గుర్తులు చెరుపుతరా అని లొల్లి పెడ్తది. ఏం జేద్దాం?”

ఆమె అత్తగారిది మరీ పాతకాలపు నమ్మకం, ఆటలమ్మ అంటే అమ్మవారే ఒంటి మీదికి రావడమని. నేను చాలా తెలివిగలదాన్ని కదా, వెంటనే సలహా ఇచ్చాను. “అయితే చెప్పకు. నాలుగు దినాలు కొంగు కప్పుకొని ఉండు. అదే పోతది.”

నా తప్పు అదే. తెల్ల చుక్కలు సాయంత్రానికి పోతాయి, నిజమే. మూడో రోజుకు వాటి స్థానంలో గోధుమరంగు పొక్కులు కడతాయి, వారం ఉంటాయి. గుంట ఉన్నచోటే, అంటే ఆటలమ్మ పోసినచోటే కడతాయి. ఆ సంగతి డాక్టరు నాకు చెప్పాడు, ఫోటోలు కూడా చూపించాడు. నేను ఆమెకు చెప్పలేదు. మొహం నిండా పొక్కులు లేచిన మనిషిని చూస్తే మా వాడకట్టులో ఏం చేస్తారో పుణెలో చదువుకున్న ఆ కుర్రవాడికి తెలియదు. నాకు తెలియాలి. నేను పుట్టింది ఆ వాడలోనే.

మూడో రోజు పొద్దున కొంగు జారింది. అత్తగారు చూసి, “అయ్యో, తల్లి మళ్లొచ్చింది” అని చెంపలేసుకుంది. గుమ్మానికి వేపమండలు కట్టింది. ఇంట్లో పోపు వేయడం ఆగింది. బీడీల చాట అటకెక్కింది. వాడంతా తెలిసింది. ఈమె నోరు విప్పి చెబుదామంటే నేను చెప్పొద్దన్నాను. భర్తకు అంతా తెలుసు, కానీ తల్లికీ పెళ్లానికీ మధ్య నిలబడి ఏ మగవాడు మాట్లాడాడు గనుక? రోజూ కారఖానాకు ముందే వెళ్లి ఆలస్యంగా వచ్చేవాడట.

అయిదో రోజు అత్తగారు పద్ధతి ప్రకారం వేపాకు, పసుపు నూరి కోడలికి స్నానం చేయించింది. ప్రేమగానే చేయించింది, గట్టిగా రుద్ది మరీ. పచ్చి పొక్కులన్నీ ఊడిపోయాయి. మిట్టమధ్యాహ్నం ఏప్రిల్ ఎండలో, మొహం మీద కొంగు లేకుండా, పోశమ్మకు నీళ్లు పోయడానికి నడిపించుకుని పోయింది. యాసిడ్ పెట్టిన మొహానికి చేయకూడనివన్నీ ఒక్క పూటలో జరిగాయి.

రెండు వారాల తర్వాత ముగ్గురు ఆడవాళ్లు ఆమెను మా ఓపీ హాల్లోకి తీసుకొచ్చారు. అత్తగారు, పక్కింటావిడ, ఆ పక్కింటావిడ చెల్లెలు. అత్తగారు కోడలి మొహం మీది కొంగు లాగి నాకు చూపించింది. గుంట గుంటకూ నల్లటి మచ్చ. మునుపు దగ్గరికొస్తేనే కనిపించే గుంటలు ఇప్పుడు గేటు దగ్గరినుంచే కనిపిస్తున్నాయి.

“తల్లి వచ్చిన మొహం మీద యాసిడ్ పోసిన్రట! ఇయ్యాలనే చెప్పింది ఇది. గందుకే తల్లికి కోపమొచ్చి మళ్లొచ్చింది. మనుషులా మీరు?”

హాల్లో కూర్చున్న అరవైమంది అటే చూస్తున్నారు. డాక్టరు తలుపు తీసి, ఏమంటోంది అని అడిగాడు. ఆమె అన్నదాంట్లో సగమే చెప్పాను. మిగతా సగానికి కూడా మరాఠీలో మాటలున్నాయి కానీ అవి డ్యూటీలో అనేవి కావు.

తర్వాత ఆమె వైపు తిరిగాను. “పెద్దమ్మా, తల్లి రాలే. ఆ పొక్కులు మా మందువి. పొక్కులు కడతయని కోడలికి నేను చెప్పలే. ఇంట్ల చెప్పొద్దని గూడ నేనే చెప్పిన.”

ఆమె కోడలి కొంగు వదిలేసి నా వైపు తిరిగింది. “రాలేదా? మూడు దినాలు తల్లి పేరు మీద ఒక్కపొద్దున్న. పోశమ్మ ముంగట మొక్కి ఏడ్చిన. అబద్ధానికి ఉపాసముంచినవా బిడ్డా నన్ను?”

నా జీవితంలో నన్ను చాలామంది తిట్టారు, పెద్ద డాక్టర్లు, ట్రస్టీలు, తాగొచ్చిన రోగులు. ఎవరి తిట్టూ అంత తగల్లేదు. క్షమించమన్నాను. ఆమె వినలేదు. అప్పటిదాకా తల మీదుగా మొహానికి అడ్డంగా ఉన్న కొంగు తీసి తన మొహం చూపించింది. అది మశూచి మొహం. ఆ తరానికి వచ్చిన పెద్ద జబ్బు. నుదురు నుంచి గడ్డందాకా చర్మంలో నున్నటి చోటు లేదు.

“సూడు. ఏడేండ్లకు పోసింది నాకు. ఎవలన్న మందు పెట్టిన్రా? నేను బత్కలేదా? ముగ్గురు పిల్లల్ని కనలేదా? దీనికి నాలుగు గుంటలకే ఇంత గోసా?”

అప్పటిదాకా తల దించుకుని ఉన్న కోడలు తల ఎత్తింది.

“బత్కినవ్ అత్తమ్మా. ఎవలు గాదన్నరు? గని మన ఇంట్ల ఇన్ని పెండ్లిళ్లయినయి, ఒక్క ఫోటోల నువ్వున్నవా? మొన్న మీ తమ్ముని మనుమడి బారసాలల గూడ, ఫోటో అనంగనే వంటింట్లకు పోయినవ్. నేను పోను. నాకు పోవాలని లేదు.”

పక్కింటావిడ “అత్తను గట్లంటవా” అని అందుకోబోయింది. అత్తగారు చేయెత్తి ఆపింది. వెళ్లి బెంచీ చివర కూర్చుంది. కొంగు మళ్లీ మొహం మీదికి లాక్కుంది.

డాక్టరు నన్ను లోపలికి పిలిచి తలుపు వేశాడు. మొహం పాలిపోయి ఉంది. కొత్త ఉద్యోగం, హాల్లో గొడవ, పైన ట్రస్టీలు. నేను అతన్ని తప్పుపట్టను. “సిస్టర్, కేస్ పేపర్ మీద రాయండి. పేషెంట్ సూచనలు పాటించలేదు, అందువల్ల మచ్చలు. నేను సంతకం పెడతాను” అన్నాడు.

ఆ ఒక్క వాక్యం పడితే జాబితాలోంచి ఆమె పేరు పోతుంది. అది అతనికీ తెలుసు, నాకూ తెలుసు. ఇక ఆ నల్లమచ్చలతోనే ఆమె బ్రాంచికి వెళ్లాలి. వాడు ఏ పేరు పెట్టి పిలుస్తాడో.

ఈలోగా గొడవ విని మేట్రన్ వచ్చింది. మావాళ్లమ్మాయే, నాతోపాటే ఉద్యోగంలో చేరి నా కంటే పైకి వెళ్లింది. నన్ను పక్కకు లాగింది. “రాసెయ్యే. రెండేండ్ల సర్వీసు మిగిలింది నీకు. ఎందుకీ లఫ్డా? ఆమె గిట్ల రాసిన్రని సదువుకుంటదా?”

“ఆమె సదువకపోతే? నేను సదువుత గదా.”

“పిచ్చిదానివే నువ్వు.”

“ఔ, పిచ్చిదాన్నే. పెన్నియ్యి.”

నాకు కోపం వచ్చింది. డాక్టరు మీద కాదు, మేట్రన్ మీద కూడా కాదు. ఇన్నేళ్లుగా మేము ఎన్ని కేస్ పేపర్ల మీద ‘పాటించలేదు’ అని రాశామో గుర్తుకొచ్చింది. మందు వేసుకోలేదు, మళ్లీ రాలేదు, మాట వినలేదు. అవన్నీ నా చేతిరాతే. మేము సరిగ్గా చెప్పలేదు అని ఒక్కదాని మీదైనా ఎవరమైనా రాశామా? మొదటిసారి నేను రాశాను, మరాఠీలో, పెద్ద అక్షరాలతో. పొక్కులు కడతాయని రోగికి చెప్పలేదు. ఇంట్లో దాచమని సలహా ఇచ్చాను. రోగి తప్పు లేదు, తప్పు నాది. కింద సంతకం పెట్టి కాగితం డాక్టరు ముందు పెట్టాను. ఆ కాగితాన్ని అతను చించలేదు. చదివి ఫైల్లో పెట్టాడు.

నేను బయటికి వచ్చేసరికి అత్తగారు ఇంకా బెంచీ మీదే ఉంది. మిగతా ఇద్దరినీ పంపేసింది.

“మళ్ల ఎన్నడు రావాలె?” అని అడిగింది నన్ను.

మెమో నాలుగో రోజు వచ్చింది. దుప్పట్ల గదికి బదిలీ, ప్రమోషన్ జాబితాలోంచి నా పేరు మాయం. ముప్పై ఏళ్ల సర్వీసున్న నర్సు ఉతికొచ్చిన దుప్పట్లు మడతపెట్టడం చూసి కొందరు జాలిపడ్డారు. జాలి వద్దు, దుప్పట్లు అందుకోండి చాలు అన్నాను. ఇంట్లో మాత్రం ఒక రాత్రి ఏడ్చాను, అబద్ధమెందుకు.

నల్లమచ్చలు తగ్గడానికి మూడు నెలలు పూత రాసి, ఎండ తగలకుండా చూసుకోవాల్సి వచ్చింది. ఆమె గొడుగు లేకుండా గడప దాటలేదు. ఆ తర్వాత రెండోసారి చుక్కలు పెట్టే రోజు డాక్టరు మేట్రన్ గదికి వెళ్లి, ఈ పనికి ఆ దుప్పట్ల గది సిస్టరే కావాలన్నాడు. సూదులు అందించేవాళ్లు చాలామంది ఉన్నారు, వీళ్ల ఇంట్లో ఏం జరుగుతుందో నాకు చెప్పేవాళ్లు లేరు అన్నాడట. అప్పటినుంచి ఆ ఒక్క పనికీ నన్ను పిలిచేవాళ్లు. చుక్కలు పెట్టబోయే ముందు అతనే నన్ను కూర్చోబెట్టి అడిగేవాడు, ఇంట్లో ఎవరుంటారు, ఏం రాస్తారు, ఏ రోజు స్నానం చేయిస్తారు అని. పిల్లలూ, మీరు కూడా అడగండి. మందు పేరు ఫార్మసిస్టు కూడా చెబుతాడు, మూడో రోజు అద్దంలో ఏం కనిపిస్తుందో మీరే చెప్పాలి.

రెండోసారి పొక్కులు కట్టినప్పుడు గుమ్మానికి వేపమండ కట్టలేదు. వాడవాళ్లు పలకరించడానికొస్తే అత్తగారే గడపలో అడ్డంగా కూర్చుని, “తల్లి గిల్లి ఏం రాలే. మందు పెట్టిచ్చుకున్నది. నేనే దగ్గరుండి పెట్టిచ్చిన. ఏమంటరు?” అన్నదట. ఆమెతో పెట్టుకునే ధైర్యం ఆ వాడలో ఎవరికీ లేదు.

మొత్తం నాలుగుసార్లు చుక్కలు, రెండుసార్లు పీచు కోయడం, ముక్కు మీద ఒక కుట్టు. ఏడాదిపైనే పట్టింది. నుదుటివి దాదాపు పూడాయి. బుగ్గలవి సగం లేచాయి. ముక్కు మీద గుంట పోయి సన్నగీత మిగిలింది. దగ్గరికెళ్లి చూస్తే ఆటలమ్మ వచ్చిపోయిందని తెలుస్తూనే ఉంటుంది. డాక్టరు ముందే చెప్పినట్లు, సగమే.

చివరిసారి వచ్చినప్పుడు డాక్టరు ఆమెను ఒకటి అడిగాడు. ఓపీ హాల్లో తెలుగు, మరాఠీ రెండింటిలోనూ ఒక పోస్టరు పెట్టాలనుకుంటున్నాడు. వైద్యానికి ముందు, పొక్కులు కట్టినప్పుడు, వైద్యం తర్వాత, మూడు ఫోటోలు. ఇంకెవరూ ఆ పొక్కులను చూసి తల్లి వచ్చిందని పొరబడకుండా. ఒప్పుకుంటే ఆమె ఫోటోలే వాడతానన్నాడు. ఎవరో తెలియకుండా కళ్ల మీద నల్లపట్టీ వేస్తామనీ, భయం లేదనీ నాతో చెప్పించాడు.

ఆమె నమూనా కాగితం చేతిలోకి తీసుకుని చూసింది. మూడు మొహాల మీద మూడు నల్లపట్టీలు.

“కండ్లెందుకు మూసిన్రు? నేనేమన్న దొంగతనం జేసి దొరికిన్నా?”

నియమం అది, నీ మంచికే అని చెప్పాను.

“నా మంచి నాకెరుక. ఇన్ని దినాలు మంది నన్ను సూసిన్రు. ఇగ గోడ మీదికెల్లి నేను మందిని సూస్త. కండ్లు తెరిచే ఉంచుండ్రి.”

ఆ మాట మరాఠీలో చెప్పేసరికి డాక్టరు నల్లపట్టీల మీద అడ్డంగా గీత కొట్టి, కాగితాన్ని సంతకం కోసం ఆమె ముందుకు జరిపాడు.